ఆల్బీ రాయని పదకొండు లైన్లు

ఆల్బీ స్ట్రాండ్‌ని చంపడానికి తుపాకీ అవసరం కాలేదు. కాస్త మర్యాద సరిపోయింది.

జులై నెల, మంగళవారం ఉదయం ఎనిమిదీ పది. బ్రిస్బేన్‌లో ఇప్స్‌విచ్ రోడ్డు దాటడానికి ఆల్బీ తెల్లకర్ర పట్టుకుని నిలబడ్డాడు. పసుపు రెయిన్‌కోటు వేసుకున్న ఒకావిడ వచ్చి మోచెయ్యి పట్టుకుంది. "రండి, రోడ్డు ఖాళీగా ఉంది" అంది. నడిరోడ్డు దాకా తీసుకెళ్ళి చెయ్యి వదిలేసింది. కాంక్రీటు లారీవాడు బ్రేకు వేసేసరికే ఆలస్యమైపోయింది. బేకరీవాడు అంతా చూశాడు గానీ, వెనకనుంచి చూశాడు. ఆవిడ మొహం తెలీదన్నాడు.

తొమ్మిదిన్నరకి గూఢచారి శాఖ సెక్షన్ ఇరవై రెండులో బ్రీఫింగ్.

చీఫ్ డల్సీ పాస్కోకి అరవై ఒక్కేళ్ళు. ఆవిడ నోటికి జడవనివాడు ఆ బిల్డింగులో ఒక్కడే ఉన్నాడు, ఏజెంట్ కోర్మాక్ యెలాండ్. పుట్టుగుడ్డి. ఆల్బీతో కలిసి ఒకే బడిలో చదువుకున్నాడు.

"ఏడుస్తావా, పని చేస్తావా?" అంది పాస్కో.

"రెండూ చేస్తా. చెప్పండి బాస్."

"నువ్వే చెప్పు. చచ్చేముందు నీకు మెసేజ్ పెట్టాడటగా?"

కోర్మాక్ ఫోన్ నొక్కాడు. ఫోన్ తన గొంతుతో గబగబా చదివింది. "లిజనింగ్ రూమ్ స్క్రిప్టులో నేను రాయని పదకొండు లైన్లున్నాయి. వచ్చి చెప్తా."

"ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఎలా వింటావయ్యా ఆ స్పీడు?"

"మీరు నడిచినట్టు మేమూ నడిస్తే ఎప్పటికి చేరతాం బాస్?"

లిజనింగ్ రూమ్ అంటే ఐదుగురు అంధులు కూర్చుని, శత్రువుల ఫోన్ కాల్స్ చాటుగా విని టైపు చేసే గది. తెరమీద ఉన్నదంతా వాళ్ళ కంప్యూటర్లు పైకి చదువుతాయి. ఏది ముందు చదవాలో, ఏది మింగెయ్యాలో, ఏ కీ నొక్కితే ఏం చెప్పాలో నేర్పేది స్క్రిప్టు. అవన్నీ ఆల్బీ రాసినవే. ఒక్కొక్కరి చేతి అలవాటు కనుక్కుని, దర్జీ కొలతలు తీసినట్టు రాసేవాడు మహానుభావుడు.

"ఆ పదకొండు లైన్లూ చదివాను" అన్నాడు కోర్మాక్. "ఒక కీ నొక్కితే, ఆ క్షణం మెషీన్ చదివిన మాట బయటి నంబరుకి పోతుంది. ఐదు మెషీన్లలోనూ ఉంది. ఎవరు నొక్కుతున్నారో తెలీదు."

పాస్కో కుర్చీ కిర్రుమంది. "సాయంత్రం నాలుగింటికి టియో ఫలెటావు విమానం. వాడు ఊరు దాటేలోపు ఈ తుపాకుల ముఠా వాడి అడ్రస్ పట్టుకుంటే, అయిపోయినట్టే."

టియో టోంగా మనిషి, ఓడలో వంటవాడు. ఆ ఓడలోనే ముఠా తుపాకులు దిగుతుంటే చూసి, వచ్చి కోర్మాక్‌కి చెప్పాడు. నీకేం కాదు, నాదీ పూచీ అని కోర్మాక్ వాడి చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు.

"లైన్లు తీసేస్తే?" అంది పాస్కో.

"దొరికిపోయామని తెలుస్తుంది. తుపాకీవాడిని తిన్నగా ఎయిర్‌పోర్టుకి పంపుతారు. వాణ్ణి మనమే ఇంకోచోటికి పిలవాలి బాస్. ఒక్క సంగతి చెప్తాను. పని అవగానే ఆ దొంగ లైన్లు ఏం పలుకుతాయో తెలుసా? 'మీరు కోరిన పని ఇప్పుడు విజయవంతంగా పూర్తయినది' అని."

"అయితే?"

"మేం మొదటి ముక్క వినగానే మెషీన్ నోరు నొక్కేస్తాం. రోజుకి వెయ్యిసార్లు వినేవాడు 'అయింది' అని రాస్తాడు, అంతే. ఇంత పెళ్ళిపిలుపు రాసింది కళ్ళున్నవాళ్ళు. ఆ గదిలో ఎవరో గుడ్డివేషం వేశారు."

పాస్కో ఒక బూతు మాట అంది. అది ఇక్కడ రాయడం బాగుండదు.

మధ్యాహ్నం ఒంటిగంటకి కోర్మాక్ ఇరవై లైన్ల స్క్రిప్టు రాసి ఐదు మెషీన్లలోకీ తోశాడు. అది చేసే పని చాలా చిన్నది, ఒంటిగంటన్నరకి ఐదు తెరలనీ నల్లగా ఆర్పేస్తుంది. అంతే. చదవడం ఆగదు, టైపింగు ఆగదు. కళ్ళు లేనివాళ్ళకి తెర వెలిగితే ఎంత, ఆరితే ఎంత?

ఒంటిగంట ఇరవై ఎనిమిదికి టీ కప్పుతో వెళ్ళి గది మధ్య నిలబడ్డాడు. ఐదు కీబోర్డులు వడగళ్ళలా టపటపలాడుతున్నాయి.

ఒంటిగంటన్నర అయింది.

నాలుగు కీబోర్డులు అలాగే మోగుతున్నాయి. ఐదోది ఠక్కున ఆగిపోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే.

కిటికీ పక్క బల్ల. ఇరేనా వాల్కోర్. ఖరీదైన సెంటు, నల్లకళ్ళద్దాలు, పట్టుస్కార్ఫు. ఆర్నెల్ల కిందట ఏవో సర్టిఫికెట్లతో చేరింది. ఆమె నవ్వితే డ్రైవర్లు మెట్లదాకా చెయ్యి పట్టుకుని దించేవాళ్ళు.

"ఏమైందండీ ఇరేనాగారూ, ఆగిపోయారు?"

"అబ్బే, వేళ్ళు నొప్పి కోర్మాక్‌గారూ."

తెర నల్లబడిందని పాపం ఎవరితో చెప్పుకుంటుంది? కక్కలేక మింగలేక మెషీన్ స్పీడు సగానికి తగ్గించి, చెవులు రిక్కించి పని మొదలెట్టింది.

రెండింటికి ఆమె ఒక్కదాని మెషీన్‌కే ఆర్డరు వచ్చింది. "టియో, ముప్ఫై ఎనిమిది, ఫెర్న్‌లీ వీధి, యానర్లీ. మూడున్నరకి ముందుగది కిటికీ దగ్గర కుర్చీలో ఉంటాడు. కాపలా మారేది అప్పుడే." రెండూ రెండుకి ఆమె ఆ కీ నొక్కిన సంగతి, కోర్మాక్ కొత్తగా తగిలించిన లైను అతని చెవిలో పలికింది. ఒక్క మాటే. "నొక్కింది."

రెండున్నరకి పాస్కో వచ్చి తేనె పూసినట్టు మాట్లాడింది. "ఇరేనా, టియో బెదిరిపోయున్నాడమ్మా. నీలాంటి మెత్తని గొంతు వింటే కుదుటపడతాడు. కోర్మాక్‌తో వెళ్ళు. ఇల్లు మార్చాం, ఇప్పుడు టూవాంగ్‌లో ఉన్నాడు."

కారు టూవాంగ్ వైపు వెళ్ళలేదు. యానర్లీ వెళ్ళింది. దారిపొడుగునా ఇరేనా ఊపిరి కోర్మాక్‌కి వినిపిస్తూనే ఉంది. ఫెర్న్‌లీ వీధి మలుపు దగ్గర అది ఒక్క క్షణం ఆగింది. గేటు మీద ముప్ఫై ఎనిమిది అని అడుగెత్తు ఇత్తడి అంకెలున్నాయి. అడ్రస్ తప్పిందని అనాలంటే, నీకెలా తెలుసని అడుగుతారు.

ముందుగది. కిటికీకి పల్చటి లేసు తెర. దాని పక్కన కుర్చీ. ఎదుటి గోడకి గడియారం.

"కూర్చోండి, ఇదే మెత్తటి కుర్చీ. టియో స్నానం చేసి వస్తాడు. చలిగా ఉంది కదూ? ఇదిగో, వాడి కోటు కప్పుకోండి."

మూడూ పదిహేను.

"ఉక్కగా ఉంది కోర్మాక్‌గారూ. అటు జరిగి కూర్చుంటా."

"అటంతా పెట్టెలండీ. నాలాగే మీరూ తన్నుకుని పడతారు."

మూడూ ఇరవై.

"నీళ్ళు... నేనే వెళ్ళి..."

కారు నడిపిన గార్డు బార్నీ ఆమె భుజం మీద అరచెయ్యేసి కూర్చోబెట్టాడు. ఆ చెయ్యి తియ్యలేదు. "నేను తెస్తాగా తల్లీ" అన్నాడు గానీ కదల్లేదు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చూపుందంటే జైలు. లేదంటే గుండు. ఆల్బీ కూడా ఇలాగే నిలబడి ఉంటాడు రోడ్డు మధ్యలో, చెయ్యి వదిలేశాక. కోర్మాక్‌కి ఆమె మీద జాలి రాలేదు. వస్తుందేమోనని వెతుక్కున్నాడు కూడా. సంతోషమే దొరికింది. ఆ సంతోషానికి కొంచెం సిగ్గుపడ్డాడు గానీ, లేచి ఆమెను పక్కకి జరపలేదు.

"టైమెంతైందో?" అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

కుర్చీ చేతుల మీద గోళ్ళు గీరుతున్న చప్పుడు.

"మూడూ ఇరవై తొమ్మిది అయ్యుంటుంది" అన్నాడు.

"తియ్యండి! నన్ను ఇక్కడ్నుంచి తియ్యండి! ఇది టూవాంగ్ కాదు, ముప్ఫై ఎనిమిది, గేటు మీద ఉంది!"

"మీకెలా తెలుసు?"

"చూశాను! నాకు కళ్ళున్నాయి! కాలుస్తారు, మూడున్నరకి కాలుస్తారు!"

"పసుపు రెయిన్‌కోటు ఎవరిది?"

"నాదే! నేనే వదిలేశా! దేవుడా, ముప్ఫై సెకన్లే ఉంది..."

"నిన్ను నడిపేదెవరు?"

"విక్టర్ హాల్బెక్! రేవులో ఏడో గోడౌను! తియ్యరా, నీ కాళ్ళు పట్టుకుంటా!"

బార్నీ చెయ్యి తీశాడు. ఆమె నేలమీద పడి తల దాచుకుంది. గడియారం మూడున్నర కొట్టింది. వీధిలో ఎక్కడో కుక్క మొరిగింది. ఇంకేమీ జరగలేదు.

నాలుగింటికి టియో విమానం లేచింది. నాలుగూ పదికి ఏడో గోడౌన్లో హాల్బెక్ చేతులెత్తాడు.

సాయంత్రం ఆఫీసులో పాస్కో ఆ ముందుగది కెమెరా రికార్డు చూసి, ఆపేసింది.

"ఆ తుపాకీవాణ్ణి మనవాళ్ళు మూడూ ఐదుకే పట్టారు. బేడీలేసి ఎదురు ఫుట్‌పాత్ మీద కూర్చోబెట్టారు. లేసు తెరలోంచి సుబ్బరంగా కనిపిస్తున్నాడు. ఇది మాత్రం అరగంటా గడియారాన్నే చూస్తూ కూర్చుంది. ఒక్కసారి తల తిప్పితే సరిపోయేది కదయ్యా. అంత భయం, అంత గోల దేనికి?"

కోర్మాక్ కర్ర మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

"గుడ్డిది కదా బాస్" అన్నాడు. "కిటికీలోంచి ఎందుకు చూస్తుంది?"