కుందేలు కొత్వాల్, పేజీ నాలుగు పైసలు

బోథ్ వారపు అంగడి దగ్గర బస్సు దిగగానే సరోజనకు తన పులి కనబడింది. అచ్చు కోసం నెల రోజులు కూర్చుని చెక్క మీద చెక్కిన పులి. మీసాలతో సహా ఓ పదేళ్ల పిల్ల చేతిలో ఉంది. ఆ పిల్ల చేతిలో పులి పేజీ ఒక్కటే ఉంది, పుస్తకం లేదు.

"తక్కిన పేజీలు ఏవే?"

"అవి కొనలే, అక్కా. నాకు పులే ఇష్టం."

"ఒక్క పేజీ కొనుడేంది?"

"హనుమంతు సేటు ఇస్తడు. పేజీకి నాలుగు పైసలు."

సరోజనకు ఒళ్లు మండిపోయింది. మండదా మరి? నిర్మల్‌లో వాళ్ల బాపు రాజం కాలితో తొక్కే అచ్చు మిషను మీద లగ్గం పత్రికలు వేసి బతుకుతాడు. మెట్రిక్ పాసైన సరోజన ఆ మిషను పక్కనే కూర్చుని, అడవిలో కొత్వాల్ ఉద్యోగం చేసే కుందేలు కథ ఒకటి అల్లింది. బొమ్మలన్నీ తనే చెక్కింది. సిరా వెనక్కి దిగుతుందని ఒకవైపే అచ్చు వేయించి, పన్నెండు పేజీలకు పిన్నులు కొట్టి, అర్ధరూపాయి ధర పెట్టింది. పావలా పెట్టు బిడ్డా అని బాపు మొత్తుకుంటే, నా కష్టం పావలాదా అని అన్నం మానేసింది.

ఏమైంది? నిర్మల్ దుకాణం నుంచి కట్ట వాపస్. భైంసా నుంచి కట్ట వాపస్. దసరాలోపు ఇవి పోకపోతే మిగిలిన పుస్తకాలు చిత్తుకాగితాల రద్దీకి, చెక్క దిమ్మెలు పొయ్యిలోకి అని రాజం తేల్చి చెప్పాడు. రెండో పుస్తకం ఊసెత్తితే ఊరుకోనన్నాడు. ఆ రెండో పుస్తకం సగం గీసి, ట్రంకుపెట్టె అడుగున దాచుకుంది సరోజన.

వాపస్ రాని కట్ట ఒక్క బోథ్‌దే. అందుకే బాపు పత్రికల పని మీద ఇటు వస్తుంటే తనూ బస్సెక్కింది. ఆ దుకాణదారును మెచ్చుకుని పోదామని వచ్చింది పాపం!

కిరాణా దుకాణం ముందు తాడు కట్టి, ఉతికిన రుమాళ్లలాగా ఆమె పేజీలు ఆరేసి ఉన్నాయి. చెవి మీద పెన్సిలు, ఒక పక్కకే మెలి తిరిగిన మీసం, పాతికేళ్ల మనిషి బెల్లం కొడుతున్నాడు.

"ఇదేందయ్యా?"

"బొమ్మల బుక్కు. ఏ పేజీ గావాలె?"

"ఏ పేజీ గావాలెనా!"

"పులి అయిపోయింది. కోతిది రెండున్నయి. కుందేలు టోపీ పెట్టుకున్నది జర చినిగింది, మూడు పైసలకిస్త."

"బుక్కును చింపి అమ్ముతవా? నీకేమన్న రోగమా?"

"చింపలే. పిన్నులు ఊడదీసిన, పైలంగ." హనుమంతు నొచ్చుకున్నాడు. "చాయ్‌పత్త పుడ గట్టి ఇస్త. బీడీల కట్ట ఇప్పి ఇస్త. ఇది మాత్రం అర్ధరూపాయి పెట్టి మొత్తం కొనుమంటే, ఈ ఊర్ల ఏ పోరడు కొంటడు? అసలా ధర పెట్టినోనికి బుద్ధున్నదా?"

"నేనే పెట్టిన."

బెల్లం కొట్టే చెయ్యి ఆగిపోయింది. హనుమంతు ఆమెను చూశాడు, తాడు మీది కుందేలును చూశాడు, మళ్లీ ఆమెను చూశాడు.

"బొమ్మలు మస్తున్నయండి" అన్నాడు.

"ధర సంగతి చెప్పు!"

"బొమ్మలు మస్తున్నయి."

సరోజనకు ఏడుపొచ్చేట్టుంది. ఓ మూల మాత్రం పేజీలు ఎత్తుగా పేర్చి ఉన్నాయి. అది పన్నెండో పేజీ. పిల్లలు బుద్ధిగా మెలగవలెనని, పెద్దల మాట జవదాటరాదని ఆమె ఎనిమిది పంక్తుల్లో నీతి రాసిన పేజీ.

"ఇవెందుకు పోలే?"

"ఊకె ఇస్తానన్నా ఒక్కడు తీసుకుంటలేడు" అన్నాడు హనుమంతు నిజాయితీగా.

ఇక ఆగలేక ఆమె తాడు మీది పేజీలు లాగడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన దిగింది. పేజీలు తడవకుండా హనుమంతు ఒక కొస నుంచి, ఆమె ఇంకో కొస నుంచి తెంపుకొస్తూ మధ్యలో ఒకరికొకరు తగిలారు. ఇద్దరూ చెరో దిక్కు చూశారు. ఆమెకింకా కోపంగానే ఉంది, కానీ ఆ కోపం ఎవరి మీదో ఒక నిమిషం గుర్తు రాలేదు.

"బస్సు పొద్దుగూకంగ గద, లోపల కూసోండ్రి" అన్నాడు. "గిప్పుడే పిల్లలొస్తరు. జర చూసి అప్పుడు తిట్టుండ్రి."

వచ్చారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి తల్లిదండ్రులతో అంగడికొచ్చిన పిల్లలంతా తడుస్తూ రేకుల కిందికి ఉరికారు. ఎవరి పేజీ వాళ్ల అంగీ లోపల ఉంది. గోనెసంచి పరిచి ఒకటి, రెండు, మూడు అని వరసగా పేర్చారు. ఏ పేజీ వస్తే ఆ పేజీ కొన్న పిల్లే చదవాలట, వేరేవాళ్లు ఆ పేజీ ముట్టకూడదట. ఒకళ్లు తెలుగులో చదువుతుంటే ఇంకొకళ్లు గోండిలో చెబుతున్నారు. ఇందాకటి పిల్ల, తారాబాయి, తన పులి వంతు ఎప్పుడొస్తుందా అని కాళ్ల మీద నిలవడంలేదు.

ఎనిమిదో పేజీ దగ్గర కథ ఆగిపోయింది. దుకాణంలో ఆ పేజీ అయిపోయింది, అది కొన్న పిల్లాడి ఊరికీ బోథ్‌కూ మధ్య వాగు పొంగింది. పిల్లలు వాగును తిట్టారు, పిల్లాణ్ణి తిట్టారు, ఆఖరికి సేటును తిట్టారు.

సరోజన ఉండబట్టలేకపోయింది. "ఎనిమిదో పేజీల కుందేలు పులికి సలాం గొట్టి, తాళంచెయ్యి అడుగుతది" అంది.

"అట్ల గాదక్కా" అంది తారాబాయి. "సలాం గొట్టదు. ఎనుకకెల్లి పులి టోపీ గుంజుకపోతది. పోయిన అంగడికి మేం చూసినం."

నిజమే. సలాం ముందు అనుకున్నది, చెక్కేటప్పుడు మార్చింది. తన కథ తనకే తప్పని దిద్దారు పిల్లలు! సరోజనకు నవ్వాగలేదు. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఇంతమంది తన కుందేలు కోసం కొట్లాడతారని ఆమె కలలో కూడా అనుకోలేదు. నవ్వాపి చూస్తే హనుమంతు ఆమెనే చూస్తున్నాడు.

"ఏం జూస్తున్నవ్?"

"ధర తగ్గినట్టున్నది."

"దేని ధర?"

"మీ కోపానిది."

గొడుగు తిరగబడి, నిలువునా తడిసి వచ్చిన రాజం ఈ తమాషా చూసి నెత్తి కొట్టుకున్నాడు. "ఓర్నీ దుకాణం పాడుగాను! బుక్కును పేజీ పేజీ ఊడగొట్టిండు! ఇగ రద్దీవాడు గూడ కొనడు. అయిపోయింది బిడ్డా, దిమ్మెలు పొయ్యిలకే."

"బాపూ, రెండో బుక్కు ఇట్లనే ఏద్దాం" అంది సరోజన. "అంగడికి ఒక్కటే పేజీ. నాలుగు పైసలు. నీతి రాయను."

"పేజీ పేజీ ఇడిగ అచ్చేసేటోడు ఏడన్న ఉన్నడా?"

"తాతా" అని తారాబాయి ఆయన తడి ధోవతి పట్టుకుంది. "వచ్చే అంగడికి తెస్తవా?"

రాజం కూతుర్ని చూశాడు, పిల్లను చూశాడు. "చూద్దాం" అన్నాడు విసుగ్గా.

ఆ తర్వాత అంగడి అంగడికీ ఒక పేజీ కట్ట బోథ్ బస్సెక్కింది. అదే బస్సులో కండక్టర్ నోటి మీదుగా హనుమంతు ఫిర్యాదులు దిగాయి, సరోజన జవాబులు ఎక్కాయి. రెండు వారాల సంది పులి ఏడవోయిందని అడుగుతుండు. పులికి జరమొచ్చిందని చెప్పు. కోతి మరీ బక్కగున్నదంటుండు. ఆయన దుకాణంల పల్లీలు పెట్టుమను. ఎంత విసుగో సరోజనకు! ఆ విసుగు లేని రోజు తోచేది కాదు, అదింకా విసుగు. బస్సు హారన్ వినబడితే చాలు, తిట్టుకుంటూనే వాకిట్లోకి ఉరికేది.

ఓ వారం కసి కొద్దీ ఒక నక్క సేటును చెక్కింది. చెవి మీద పెన్సిలు, ఒక పక్కకే మెలి తిరిగిన మీసం.

అది బస్సెక్కిన మూడో వారం ఫిర్యాదు రాలేదు. మనిషే వచ్చాడు.

"బోథ్‌ల నా పేరు పోయింది!" గడపలోనే మొదలుపెట్టాడు హనుమంతు. "చిన్నోల్లు, పెద్దోల్లు, అందరు నక్క సేటనే పిలుస్తున్నరు. మా అవ్వ గూడ!"

"అమ్ముడు ఎట్లున్నది?"

"కట్ట ఇప్పంగనే పోతుంది. అది గాదు ముచ్చట. నక్క సేటు పెండ్లెప్పుడని పిల్లలు పానం తీస్తున్నరు. ఏం జెప్పాలె?"

సరోజన ఉలి ఆపలేదు. "నక్క పెండ్లి కష్టం. ఆ పిల్ల బోథ్‌కు వస్తె అక్కడ మిషను లేదు. పొయ్యి ముందట కూసుంటె చెక్కుడు బందయితది. గదే ఆమెకు భయం." ఇన్నాళ్లూ ఆమెకు నిద్ర పట్టనివ్వని మాట అదే.

హనుమంతు వేళాకోళం మానేశాడు. "చెక్కుడు బోథ్‌ల, అచ్చు నిర్మల్‌ల. దిమ్మెలు నేను బస్సుల మోసుకొస్త. ఒక్క అంగడి పేజీ తప్పితే పిల్లలు నా దుకాణం పీకుతరు. నీ చెక్కుడు నేనెట్ల బందు జేపిస్త, సరోజనా? నువ్వు గీసేది సూడకుంటె నాకే పొద్దుపోదు."

మిషను చప్పుడు ఆగింది. "నాకు పిచ్చిలేస్తుంది!" అని రాజం సిరా చేతులతో ముందుకొచ్చాడు. "మూడు నెలల సంది మీ కొట్లాట మోయలేక ఆ కండక్టర్ టికెట్లు గొట్టుడు మర్సిండు. హనుమంతూ, ఐతారం మీ అవ్వబాపులను తోలుకరా. బిడ్డా, నీకు సమ్మతమేనా?"

బాపు ఏమన్నా ఎదురు చెప్పే పిల్ల ఉలి కింద పెట్టింది.

"సమ్మతమే బాపూ" అంది. "కని ఐతారం దాక ఎందుకు? రేపే రమ్మను."