మోటారు షెడ్డు దగ్గర తెల్లచీర

అంకమ్మరావు ఇంటి వెనక మిరప కల్లం, కల్లం చివర పాత మోటారు షెడ్డు. ఎప్పుడో ఒకావిడ అక్కడ కరెంటు షాక్ కొట్టి పోయింది. అప్పట్నించీ చీకటి పడితే మగాడన్నవాడు అటు వెళ్లడు.

ఆడకూలీలు మాత్రం వెళ్తారు. వెళ్లక చస్తారా? పొద్దస్తమానం మిరపకాయలు కోసిన ఒళ్లు భగభగ మండుతుంటే, నీళ్లు పోసుకునే తొట్టి ఆ షెడ్డు పక్కనే మరి! చుట్టూ పల్లేరు కాయలు, పైన చీకటి. ఆ చీకటే వాళ్లకి తలుపు.

ఈ ఏడు ఆ తలుపూ పోయింది. కాయల దొంగల భయమంటూ అంకమ్మరావు కల్లంలో స్తంభానికి సీసీ కెమెరా బిగించాడు. దాని మూతి తిన్నగా తొట్టి మీదికే!

తర్వాత జరిగింది కొంత కూలికొచ్చిన కొండమ్మ, కొంత అంకమ్మరావే నాకు చెప్పారు.

"అయ్యా, దాన్ని కాస్త పక్కకి తిప్పించండి. మేం నీళ్లు పోసుకోవాలా వద్దా?" అని కొండమ్మ అతన్ని అడిగిందట.

"దొంగలు అటునించే వస్తారే! మిమ్మల్నెవడు చూస్తాడు?" అంటూనే, గొప్పకి ఫోను తీసి రాత్రి వీడియో చూపించాడట మహానుభావుడు.

"ఎర్రటి కాయలు ఉప్పు రాశుల్లా ఉన్నాయేంటయ్యా?"

"చీకట్లో అది అట్లాగే తీస్తది. నీకేం అర్థమవుద్ది, పోవే!"

అతని భార్య కోటిరత్నం కూడా మొహం మీద చూపుడువేలు ఆడించి మరీ చెప్పింది, తిప్పించమని. "కెమెరాల సంగతి నీకెందుకు?" అన్నాడు. మొగుడి గురక పడలేక ఆవిడ ఎప్పుడూ కిందే పడుకుంటుంది. ఆయన మేడ మీద, ఫోనుతో.

ఆ రాత్రి పన్నెండు దాటాక ఫోను గుర్రుమంది.

చూశాడు.

తొట్టి పక్కన... తెల్లచీర. తల మీదినించి ముసుగు. అడుగులో అడుగేస్తూ... షెడ్డు దాకా వెళ్లి... ఆగి... మాయమైంది.

తెల్లారగానే కూలీల గుడారాల మీద పడ్డాడు. మూటలన్నీ విప్పించాడు. నీలం, ఆకుపచ్చ, ఎరుపు... తెల్లచీర ఒక్కటీ లేదు.

"చర్చికి కట్టుకునే తెల్లచీర కాయకోతకి ఎవరన్నా తెచ్చుకుంటారా అయ్యా?" అంది కొండమ్మ, అమాయకంగా.

రెండో రాత్రి మళ్లీ వచ్చింది. అంకమ్మరావు లేచి తలుపు గడియ వేసుకున్నాడు.

మూడో రాత్రి అది షెడ్డు వైపు వెళ్లలేదు.

తిన్నగా కెమెరా దగ్గరికే వచ్చింది... ముసుగు తియ్యలేదు... చెయ్యెత్తింది... చూపుడువేలు అటూ ఇటూ ఆడించింది --

ఆ వేలు ఎక్కడో చూసినట్టే ఉందే అనిపించిందట అతనికి. పళ్లు టకటకా కొట్టుకుంటుంటే ఆలోచన ఎక్కడ సాగుద్ది!

కాకులు అరవకముందే మెకానిక్కుని పిలిపించి, కెమెరా మూతి రోడ్డు వైపు తిప్పించాడు.

ఆ మధ్యాహ్నమే నేను కల్లానికి వెళ్లాను. కొండమ్మ మిరపపండు రంగు చీర ఆరేస్తూ, పడీపడీ నవ్వుతూ తన వంతు కథ చెప్పింది.

"ఆ దిక్కుమాలిన కెమెరాకి ఎరుపంటే తెలుపేగా అమ్మా! ఇదిగో, నా తెల్లచీర!"

"బాగానే ఉంది గానీ, ఆ వేలు ఊపడం ఎక్కడ నేర్చావే?"

కొండమ్మ నవ్వు ఆగిపోయింది.

"వేలా? నేను నడిచింది రెండు రాత్రులే. నిన్న రాత్రి జొరంతో గుడారంలోంచి కదల్లేదు నేను..."

ఇద్దరం షెడ్డు వైపు చూశాం. మిట్టమధ్యాహ్నం ఎండలో నా వీపు జిల్లుమంది.

"ఏంటే ఆ గుసగుసలు?"

ఉలిక్కిపడి తిరిగాం. మజ్జిగ బిందెతో కోటిరత్నం. కట్టుకున్నది ఎర్రచీర. కుచ్చిళ్ల నిండా పల్లేరు కాయలు.

"నోరు మూసుకుని తాగండి" అంది, చూపుడువేలు అటూ ఇటూ ఆడిస్తూ.