నాలుగో మెట్టు

సుబ్రాయ హెగ్డే గారి ఇంటి వెనక ఏడు రాతిమెట్లున్నాయి. వాటిలో నాలుగోదానికి మొన్నమొన్నటిదాకా మంచి పేరు లేదు.

దీపాలు పెట్టాక అటు బయటివాళ్లెవరూ దిగేవాళ్లు కాదు. పాలు పోసే మనిషి కూడా పోకతోట చుట్టూ తిరిగి వచ్చేవాడు. ఆ మెట్టు మీద కాలు పెడితే ఎవరో పట్టుకుని లాగుతారని ఊళ్లో చెప్పుకునేవాళ్లు.

ముందు ఆ మెట్ల సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. వంటింటి వెనక తలుపు తీస్తే మెట్లు. మెట్ల కింద నీళ్లకాగు ఉన్న స్నానాల కొట్టు, దాని పక్కనే మరుగుదొడ్డి. రోజుకి పదిసార్లు దిగక తప్పదు. మా మలెనాడు కొండసీమ వానకి రాయి మీద వారం తిరక్కుండా పాచి పడుతుంది. అందుకే వానలు మొదలవగానే ప్రతి ఇంటా వాకిట్లో పోకమట్టలు పరుస్తారు, మెట్లని బూడిద వేసి కొబ్బరి పీచుతో గీకుతారు. ఆ ఇంట్లో గీకే మనిషి హెగ్డే గారి భార్య మూకాంబె.

రెండేళ్ల కిందట ఆషాఢంలో, సందెవేళ, మూకాంబె ఆ నాలుగో మెట్టు మీదే పడింది. తుంటి విరిగింది. నలభై రోజులు మంచం మీదుండి కన్నుమూసింది.

హెగ్డే గారు ఏడవలేదు. పదమూడో రోజు భోజనాల్లో "పులుసులో ఉప్పు తగ్గింది" అన్నారు. ఆ తర్వాత ఆయన మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మరుసటేడు ఆయన చెల్లెలు శరావతి చుట్టపుచూపుగా వచ్చి అదే మెట్టు మీద పడింది. మణికట్టు విరిగింది. కట్టు కట్టించుకొచ్చి, పడక్కుర్చీలో కూర్చుని, వచ్చిన వాళ్లందరికీ చెప్పింది —

"నా చీలమండ ఎవరో పట్టుకున్నారు. చల్లటి చెయ్యి. ఇంకెవరు, మా వదినే. బతికున్నన్నాళ్లూ మామిడిపిందెల ఊరగాయ జాడీ నాకు కనపడకుండా దాచింది. చచ్చాక నా కాలు దొరకబుచ్చుకుంది."

నవ్విన వాళ్లు నవ్వారు. ఆవిడ అన్నది పట్టుకున్నారనే. లాగారని ఊరు చేర్చింది.

తాయెత్తులు కట్టే అతన్ని పిలిచారు. అతను ఆ మెట్టుకి అటూ ఇటూ కొబ్బరికాయలు కట్టించి, "ఏడాదిపాటు ఈ మెట్లకి చీపురు తగలకూడదు, పీచు తగలకూడదు. కదిలిస్తే లేస్తుంది" అన్నాడు.

సరేనన్నారు. తప్పు జరిగింది ఇక్కడే. ముప్పై ఏళ్లు ఈ ఊరి బళ్లో పాఠాలు చెప్పిన నేను కూడా అక్కడే కూర్చుని నోరు మెదపలేదు.

తర్వాతది హెగ్డే గారి కోడలు నాగవేణి నాకు చెప్పింది. చెప్పినట్టే రాస్తున్నాను.

ఈ ఏడు ఆషాఢం. ఎడతెగని వాన. మెట్లు పచ్చగా, మెత్తగా, తడిసిన పిల్లి వీపులా ఉన్నాయి. మామగారికి డెబ్బైతొమ్మిది. రాత్రి రెండుసార్లు మరుగుదొడ్డికి లేస్తారు. మంచం పక్కన డబ్బా పెడితే ఆయన దాన్ని ముట్టుకోలేదు. మూడో మనిషి ఆయనే అవుతారని నాగవేణి భయం. రోజూ వెనక తలుపుకి గొళ్లెం పెట్టి, గొళ్లేనికి ఇత్తడి గిన్నె వేలాడదీసి పడుకునేది. తీస్తే మోగుతుందని.

ఒక రాత్రి మెలకువ వచ్చింది...

గిన్నె గచ్చు మీద బోర్లించి ఉంది. చప్పుడు కాకుండా ఎవరో దింపి పెట్టారు. తలుపు బార్లా తీసి ఉంది.

బయట సన్నగా జల్లు. కిందనుంచి —

గర్ర్... గర్ర్...

ఆగింది. మళ్లీ... గర్ర్...

మెట్ల మీద తెల్లగా ఒక ముద్ద. ముందుకీ వెనక్కీ ఊగుతోంది.

"అత్తా..." అంది నాగవేణి. ఎందుకలా అందో ఆమెకే తెలియదు.

"అత్త కాదు, నేనే," అంది ఆ ముద్ద. "టార్చి కళ్లల్లో వెయ్యకు."

మామగారు. తలమీద పంచె కప్పుకుని, రెండో మెట్టు మీద కూర్చుని, మూడో మెట్టు గీకుతున్నారు. చేతిలో కొబ్బరి పీచు, పక్కన చిప్పలో బూడిద.

"ఏం పని మావయ్యా ఇది? పడితే?"

"కూర్చున్నవాడు ఎక్కడ పడతాడే? కూర్చునే దిగాను. పాకే పిల్లాడిలా."

"గీకొద్దన్నాడు కదా అతను."

"గీకకపోతే ఏమవుతుందో చూశాను కదా."

ఆయన పీచుని బూడిదలో అద్దారు. తర్వాత ఆయన, పొద్దున ఎంత వాన కురిసిందో చెప్పినట్టు చెప్పారట —

"ఆ ఏడు మీ అత్తకి మోకాలు వాచింది. నన్ను గీకమంది. మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ రేపు అన్నాను. నాలుగోసారి అడగలేదు. పీచు పట్టుకుని తనే దిగింది."

నాగవేణికి ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. టార్చి ఆయన చేతిలో పెట్టి పీచు తీసుకుంది.

"మీరు పై మెట్టు మీద కూర్చుని వెలుతురు చూపించండి. మిగతాది నేను చూస్తాను."

"ఇప్పుడెందుకు, రేపు..."

"మళ్లీ ఆ మాటేనా?"

ఆయన వెనక్కి జరిగి పైన కూర్చుని వెలుతురు చూపించారు. తెల్లారేసరికి ఏడు మెట్లూ నల్లగా బయటపడ్డాయి. ఆ వారంలోనే నాగవేణి మొగుడు పోకమాను బద్దతో మెట్ల పొడుగునా చేతిపట్టు కట్టాడు. అంచులు కనపడేలా సున్నం కొట్టాడు. తలుపు పైన రాత్రంతా వెలిగే బల్బు పెట్టించాడు. కుళ్లిన కొబ్బరికాయలు తోటలో పారేశారు. ఆ తర్వాత అక్కడ ఎవరూ పడలేదు. నేనూ నా పెరటి మెట్లు గీకించాను.

ఊరికి చెప్పేటప్పుడు నాగవేణి ఇక్కడ ఆపేస్తుంది. నా దగ్గర ఆపలేదు.

"అక్కోరూ," అంది. ఇక్కడ పంతులమ్మని అలాగే పిలుస్తారు. "ఆ రాత్రి నాలుగో మెట్టు మీద అడుగు పెట్టగానే కాలు జారింది. పూర్తిగా జారిపోయాను. అయిపోయిందనుకున్నాను. అప్పుడు... చీలమండ దగ్గర ఎవరో పట్టుకున్నారు. చల్లటి చెయ్యి."

"మీ మామగారేమో."

"ఆయన పైన ఉన్నారు. టార్చి రెండు చేతులతో పట్టుకునున్నారు."

నేను అడిగాను. "లాగిందా?"

నాగవేణి తల అడ్డంగా ఊపింది.

"నా కాలు నిలదొక్కుకునేదాకా... వదల్లేదు."