ఎవాల్దో చేతులు

భళ్ళుమంటుంది వెనక అద్దం!

గాజు ముక్కలు ఇమాద్ మెడ మీద, వీపు మీద పడతాయి. స్టీరింగ్ మాత్రం వదలడు. వదిలితే ఇద్దరి పనీ సింగపూర్‌లో ఈ సెంబవాంగ్ రోడ్డు మీదే అయిపోతుంది.

"తల దించు, ఎవాల్దో."

పక్క సీట్లో ఎవాల్దో తల దించుతాడు. ఆరున్నర అడుగుల మనిషి. ఎంత ముడుచుకున్నా సగం పైకే ఉంటాడు. ఒంటి మీద ఇంకా మ్యాచ్ జెర్సీయే. మోకాళ్ళకి గ్రౌండ్ మట్టి.

గంట కిందట స్టేడియం అంతా లేచి నిలబడి ఈ మనిషి పేరే అరిచింది.

ఇప్పుడు వెనక ఒక నల్ల వ్యాన్. వ్యాన్‌కి ముందు ఒక బైక్. బైక్ వెనక సీట్లో కూర్చున్నవాడి చేతిలో పరంగ్... పొదలు నరుక్కునే మలే కత్తి. మనుషుల్ని నరకడానికీ బాగానే పనికొస్తుంది.

"ప్రొఫెసర్, పోలీస్ స్టేషన్ ఎంత దూరం?"

బ్రెజిల్‌లో ఆటగాళ్ళు కోచ్‌ని ప్రొఫెసర్ అంటారట. హైదరాబాద్‌లో టెన్త్ రెండుసార్లు తప్పిన ఇమాద్‌ని అలా పిలిచే మనిషి లోకంలో ఇతనొక్కడే. ఇద్దరి మధ్యా నడిచేది విరిగిన ఇంగ్లీషు. నాలుగేళ్ళుగా దాంతోనే సంసారం సాగిపోతోంది.

"ఐదు నిమిషాలు. కదలకు."

ఒక్క ఫోన్ ఉంటే ఇంత గోలే లేదు. మ్యాచ్ రోజున ఆటగాళ్ళ ఫోన్లూ, కోచ్‌ల ఫోన్లూ ఒక పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. బెట్టింగ్ వాళ్ళు ఫోన్ కొట్టి మ్యాచ్ కొనెయ్యకుండా ఆ రూల్. ఆ పెట్టె తెరిచేదాకా ఆగే టైమ్ లేక, డ్రెస్సింగ్ రూమ్ వెనక తలుపులోంచి కారు దాకా ఒకటే పరుగు. మంచి రూలే. ఇవాళ వీళ్ళ పీకల మీదికొచ్చింది.

బైక్ కుడిపక్కకి వస్తుంది.

పరంగ్ లేస్తుంది!

ఇమాద్ స్టీరింగ్ కుడికి కోస్తాడు. కారు బైక్‌ని గుద్దుతుంది. ఇద్దరు మనుషులు గాల్లోకి లేచి రెయిలింగ్‌కి కొట్టుకుంటారు. ఒకడి కాలు మనిషి కాలు తిరగని పక్కకి తిరిగిపోతుంది. ఇమాద్ అద్దంలో అది చూసి కళ్ళు తిప్పుకుంటాడు. జాలి పడే తీరిక లేదు.

అంతలో వ్యాన్ వెనకనుంచి గుద్దుతుంది.

కారు గిర్రున తిరిగి, పేవ్‌మెంట్ ఎక్కి, చెట్టుకి కొట్టుకుని ఆగుతుంది. బానెట్‌లోంచి పొగ...

"బతికే ఉన్నావా?"

"ఉన్నాను, ప్రొఫెసర్."

"ఉంటే ఉరుకు!"

రోడ్డు పక్కన ఓడలు బాగుచేసే షెడ్డు. మూతపడి చాలాకాలమైంది. రేకు గేటుని భుజంతో ఒక్క తోపు తోస్తాడు ఎవాల్దో. గేటు లోపలికి పడిపోతుంది. ఇద్దరూ దాని మీద నుంచే పరిగెత్తుతారు.

లోపల రోడ్డు దీపం వెలుగు కొంచెం కొంచెం. తుప్పు వాసన. పాత ప్రొపెల్లర్లు, గొలుసులు.

ఒక ప్రొపెల్లర్ వెనక కూలబడతారు. ఎవాల్దో ఊపిరి గట్టిగా వినిపిస్తోంది. నలభై దాటిన ఊపిరి.

గోల్‌కీపర్‌గా ఇరవై రెండేళ్ళ కెరీర్ ఇతనిది. అమెజాన్ ఒడ్డున పడవలు కట్టే ఊళ్ళో పుట్టాడు. బ్రెజిల్‌లో పెద్ద క్లబ్బులకి ఆడాడు. పోర్చుగల్‌లో కప్పు గెలిచాడు. టర్కీలో గెలిచాడు. దేశం జెర్సీ వేసుకున్నాడు. ఎన్ని దేశాల్లో ఎంతమంది వచ్చి ఆశ పెట్టినా ఒక్క గోల్ అమ్మలేదు. ఆఖరికి సింగపూర్ వచ్చాడు. ఇవాళ్టి ఫైనల్‌తో రిటైర్‌మెంట్.

ఆ ఫైనల్లోనే పార్థసారథి అడిగాడు.

పార్థసారథి క్లబ్‌కి స్పాన్సర్. పెద్దమనిషి. తెలుగువాళ్ళ ఫంక్షన్లన్నిటికీ ముందు వరసలో కూర్చుంటాడు. ప్రాక్టీస్‌కి బిర్యానీ పట్టుకొచ్చి అందరి భుజాలూ తడతాడు. సగం ఆసియా బెట్టింగ్ ఆయన వేళ్ళ మీద ఆడుతుందని ఇమాద్‌కి తెలిసింది ఈ సాయంత్రమే. 'పెనాల్టీ వస్తుంది, ఎడమకి దూకు, చాలు,' అన్నాడు ఎవాల్దోతో.

పెనాల్టీ వచ్చింది.

ఎవాల్దో కుడికి దూకాడు. బంతిని గుండెకి హత్తుకున్నాడు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. మ్యాచ్ అయ్యాక ఎదురుపడ్డ పార్థసారథితో, రేపు పోలీసులకి అంతా చెప్తానని మొహం మీదే అనేశాడు. మనసులో మాట దాచుకోవడం ఈ మనిషికి చేతకాదు.

గేటు రేకు మీద బూట్ల చప్పుడు.

"రేయ్ ఇమాద్! బయటికి రారా!"

వరుణ్. గుంటూరు కుర్రాడు. పార్థసారథి కుడిభుజం. వాడి వెనక ఇంకొకడు, చెయ్యంత స్పానర్‌తో.

"నీతో మాకు పనిలేదురా. ఆ తెల్లోణ్ణి ఇచ్చేసి ఇంటికెళ్ళి పడుకో."

ఇమాద్ చేతికి దొరికిన గొలుసు పిడికిలికి చుట్టుకుంటాడు.

ఎవాల్దో కాలికి ఏదో డబ్బా తగులుతుంది... ఖణేల్!

స్పానర్‌వాడు చప్పుడొచ్చిన వైపుకి బలంకొద్దీ విసురుతాడు!

స్పానర్ గాల్లో తిరుగుతూ సూటిగా ఎవాల్దో నుదుటి మీదికి...

టప్.

ఎవాల్దో చేతిలో ఉంది.

ఎలా పట్టుకున్నాడో అతనికే తెలియదు. అదంతా ఇమాద్ చలవ. నాలుగేళ్ళు ప్రాక్టీస్‌లో చెప్పాపెట్టకుండా విసిరేవాడు. టెన్నిస్ బంతులు, నీళ్ళ సీసాలు, చెప్పులు, ఒకసారి కొబ్బరికాయ. విసిరి 'పట్టు!' అని అరిచేవాడు. ఎవాల్దోకి వచ్చిన తెలుగు ముక్క అదొక్కటే. ఆ మాట వినబడితే కళ్ళకంటే ముందు చేతులు లేస్తాయి. చూసినవాళ్ళంతా చప్పట్లు కొట్టేవాళ్ళు.

ఎవాల్దో స్పానర్ తిప్పి కొడతాడు. వాడి దవడ పగులుతుంది. పళ్ళు రేకుల మీద గలగలా రాలతాయి. వాడిక లేవడు.

వరుణ్ పరంగ్ దూసి ఇమాద్ మీదికి దూకుతాడు. ఎడమ ముంజేయి చీరుకుపోతుంది. వేడిగా కారుతోంది రక్తం. ఇమాద్ పళ్ళు బిగపట్టి గొలుసు పిడికిలితో మొహం మీద గుద్దుతాడు. ఒకటి. ఇంకొకటి. వరుణ్ ముక్కు చితుకుతుంది. వెనకనుంచి ఎవాల్దో వాణ్ణి మెడ పట్టి లేపి ప్రొపెల్లర్‌కేసి కొడతాడు. పరంగ్ ఎక్కడో పడిపోతుంది.

వరుణ్ మోకాళ్ళ మీద కూలబడతాడు.

అయిపోయింది అనుకుంటాడు ఇమాద్.

"ఏవయ్యా ఇమాద్. ఈ వయసులో నన్నింత తిప్పలు పెట్టాలా?"

పార్థసారథి!

తెల్ల చొక్కా, ఇస్త్రీ నలగలేదు. ఎడమచేతిలో ఫోన్. కుడిచేతికి నల్లటి తోలు గ్లవ్.

ఆ చేతిలో... తుపాకి!

ఇమాద్ పద్దెనిమిదేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాడు. పోలీసుల నడుము దగ్గర తప్ప తుపాకి చూసింది లేదు. ఇక్కడ మనిషి మీద తుపాకి పేలిస్తే ఉరే. తగిలినా ఉరే, తగలకపోయినా ఉరే.

"సార్, గా తుపాకి పక్కన పెట్టుండ్రి. ఈయన్ని పోనియ్యుండ్రి. రేపు ఫ్లైట్ ఎక్కి ఆయన దేశం ఆయన పోతడు."

"పోడు. పోలీసుల దగ్గరికి పోతాడు. నాతోనే చెప్పాడుగా."

వరుణ్ నెత్తురు ఉమ్మి నవ్వుతాడు. "కానీండి సార్. లేపెయ్యండి వీణ్ణి."

"లేపేస్తే లాభం లేదురా. చచ్చిన గోల్‌కీపర్‌కి దండలేస్తారు. ఎందుకు చచ్చాడని పదిమంది కూపీ లాగుతారు." పార్థసారథి నిట్టూరుస్తాడు. "నీకూ నా సంగతులు మరీ ఎక్కువ తెలిసిపోయాయి, వరుణ్."

"సార్?"

ఢాం!

వరుణ్ ఛాతీలోంచి రక్తం ఎగజిమ్మి ఎవాల్దో జెర్సీ మీద పడుతుంది. వాడు అదే ఆశ్చర్యంతో, అలాగే నోరు తెరుచుకుని, వెనక్కి ఒరిగిపోతాడు.

ఇమాద్ చెవుల్లో హోరు. ఆ హోరులోనే ఒక కేక...

"పట్టు!"

పార్థసారథి విసిరిన తుపాకి గాల్లోకి లేస్తుంది.

వద్దని అరవాలి ఇమాద్. నోరు తెరుస్తాడు కూడా. అప్పటికే ఎవాల్దో చేతులు లేచిపోయాయి.

రెండు చేతులా పట్టుకుని, గుండెకి హత్తుకుని నిలబడ్డాడు. కాళ్ళ దగ్గర వరుణ్ శవం.

ఫ్లాష్ మెరుస్తుంది!

పార్థసారథి ఫోన్ స్క్రీన్ ఒకసారి చూసుకుని తృప్తిగా తలాడిస్తాడు. వేలితో ఒక్క నొక్కు నొక్కుతాడు.

"నా లాయర్‌కి వెళ్ళిపోయింది. ఇక తుపాకి తుడుచుకున్నా, సముద్రంలో పారేసినా ఒకటే."

అక్కడే నిలబడి పోలీసులకి 999 కొడతాడు. వణుకు గొంతు పెట్టి ఇంగ్లీషులో మాట్లాడతాడు. ఫుట్‌బాలర్ దగ్గర తుపాకి ఉంది, మా కుర్రాణ్ణి కాల్చేశాడు, త్వరగా రండి. ఫోన్ పెట్టెయ్యగానే ఆ వణుకు పోతుంది.

"ప్రాక్టీస్‌లో చూశానయ్యా నీ ట్రైనింగ్. ఏది విసిరినా పట్టేస్తాడు. ఎంత బాగా నేర్పావు!"

నాలుగేళ్ళ చెమట అది. వీడు దాన్ని ఉరితాడు చేశాడు.

"ప్రొఫెసర్, ఏమంటున్నాడు?"

ఇమాద్ చెప్తాడు. ఫోటో సంగతి, పోలీసుల సంగతి, ఉరి సంగతి.

"రేపు పేపర్లో ఏం వస్తుందో అది కూడా చెప్పు." పార్థసారథే ఇంగ్లీషులోకి దిగుతాడు. "ఇరవై రెండేళ్ళూ గోల్స్ అమ్ముకున్నాడు. వాటా దగ్గర గొడవొచ్చి మనిషిని చంపాడు. నువ్వు పట్టిన ప్రతి బంతీ డ్రామానే అనుకుంటారు, ఎవాల్దో."

ఎవాల్దో మొహంలో రక్తం ఇంకిపోతుంది. చావు మాట విన్నప్పుడు కూడా ఇలా కాలేదు.

"మా అమ్మ నా మ్యాచ్‌లన్నీ చూసింది, ప్రొఫెసర్. రాత్రి మేలుకుని చూసేది. ఆమెకి ఎవరు చెప్తారు?"

ఇమాద్‌కి ఏడుపొస్తుంది. ఏడుపు వెనకే కోపం.

దూరంగా సైరన్...

"చూడు ఇమాద్." పార్థసారథి మళ్ళీ తెలుగులోకి వస్తాడు, మెత్తగా. "జరిగింది నువ్వూ చూశావు, నేనూ చూశాను. ఇద్దరం ఒకే మాట చెప్దాం. పుంగ్గోల్ ఇంట్లో మీ ఆవిడ బిల్కీస్ నీకోసం చూస్తూ ఉంటుంది. అలీనాకి పరీక్షలట కదా. పిల్ల ఏ బస్సెక్కుతుందో, ఎక్కడ దిగుతుందో మావాళ్ళకి బాగా తెలుసు."

బిల్కీస్. అన్నం మీద మూతపెట్టి, టీవీ తగ్గించి, లిఫ్ట్ చప్పుడైనప్పుడల్లా తలుపు వైపు చూస్తూ ఉంటుంది. అలీనా తలెత్తకుండానే, సింగపూర్ యాసలో 'అబ్బా, ఆల్వేస్ లేట్ లా' అంటుంది. ఆ ఇల్లు ఇప్పుడు చాలా దూరం.

నిజం చెప్తే? ఇమాద్ మాట ఒకవైపు. స్పాన్సర్ గారి మాట, ఆ ఫోటో ఇంకోవైపు. ఎవరిని నమ్ముతారో చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు.

స్పానర్‌వాడికి స్పృహ లేదు. ఎవాల్దో కాక చూసినవాళ్ళు ముగ్గురు. వరుణ్ పోయాడు.

ఇద్దరు మిగిలారు.

సైరన్ దగ్గరపడుతోంది. నీలం ఎరుపు వెలుగులు షెడ్డు గోడ మీద తిరగడం మొదలయ్యాయి.

ఇమాద్ చెయ్యి చాపుతాడు. "ఇటియ్యి."

ఎవాల్దో తుపాకి ఇమాద్ చేతిలో పెడతాడు. ప్రొఫెసర్ అడిగాడు, ఇచ్చాడు, అంతే.

పార్థసారథి మొహం విచ్చుకుంటుంది. "శభాష్. ఇంట్లోవాళ్ళని చూసుకునేవాడే మగాడు. వాళ్ళు రాగానే తుపాకి వాళ్ళకిచ్చెయ్. ఇతని దగ్గర్నుంచి లాక్కున్నానని చెప్పు."

ఇమాద్ వినడు. ఎవాల్దో వైపు తిరుగుతాడు. గ్రౌండ్‌లో ఎదురు చెప్పనివ్వని గొంతుతో ఇంగ్లీషులో చెప్తాడు.

"గేటు దగ్గరికి పో. రెండు చేతులూ పైకెత్తి బయటికి నడువు. నా చేతిలోంచి తుపాకి నువ్వు గుంజుకున్నావు, ఫోటో అప్పటిదే, నేను మళ్ళీ గుంజుకున్నాను. అడిగితే అదే చెప్పు. రెండు గుండ్లూ పేల్చింది ఇమాద్ అని చెప్పు."

"రెండా?" ఎవాల్దో తెల్లబోతాడు. "పేలింది ఒకటే కదా, ప్రొఫెసర్."

పార్థసారథికి ఇంగ్లీషు బాగా వచ్చు. నవ్వు ఉన్నపళంగా ఆగిపోతుంది.

"ఇమాద్... ఏవయ్యా... ఉరి తీస్తారు నిన్ను."

"ఎరుకే సార్."

పార్థసారథి రెండు చేతులూ ముందుకి చాపుతాడు, వచ్చేదాన్ని ఆపేద్దామన్నట్టు.

ఢాం!