మైనస్ ఇరవైలో చప్పుడు

"నీ రొయ్యలు ఎంత చల్లగా ఉన్నాయి?" అని ఫోనులో గొంతు అడిగింది.

"మా అత్తగారి పలకరింపంత," అన్నాడు రొసెందో కిహాద.

కోడ్ సరిపోయింది. అవతల కల్నల్ రెబోయెదో గొంతు సవరించుకున్నాడు. గ్వైమాస్ రేవులో ఉదయం ఏడున్నరకే రేకుల షెడ్డు పెనంలా కాలుతోంది.

"ట్రైలర్ పదిహేడు. చూసేవాళ్ళకి రొయ్యలు. తలుపు పక్కన రెండు వరసలు మాత్రం టీకా మందు, కొండ ఊళ్ళ పిల్లలకి. ఎర్మొసీయో కోల్డ్ స్టోరేజీదాకా మైనస్ ఇరవైలో ఉండాలి."

"కరిగితే?"

"కరిగితే కోబాల్ట్ ముఠా గెలిచినట్టే. సర్కారు వాళ్ళు అమ్మజూపుతున్న విదేశీ మందు కొనక తప్పదు. అది వచ్చేసరికి నెల. జ్వరం నెల ఆగదు. నీకు తోడు దెల్ఫీనా లెయ్వా. నవొహోవా ఊరి పిల్ల, లారీ డ్రైవరు కూతురు." కల్నల్ గొంతు తగ్గించాడు. "అదే రేవని నాకు తెలుసు, రొసెందో. వద్దంటే వేరేవాణ్ణి పంపుతాను."

"వద్దనను సార్."

రెండేళ్ళ క్రితం ఇదే షెడ్డులో అతని జోడీ ఏజెంట్ నసారియో ఖాళీ ట్రైలర్‌లోకి ఎక్కాడు. లోపల నిలబడి తలుపులు మూయించుకుంటే, ఎక్కడ చిల్లుందో అక్కడ వెలుతురు చుక్క కనిపిస్తుంది. చలి పెట్టెను పరీక్షించే పాత పద్ధతి అది. ముఠా మనిషొకడు బయట గొళ్ళెం బిగించి, యంత్రం ఆన్ చేసి వెళ్ళిపోయాడు. పది అడుగుల దూరంలో రొసెందో కాఫీ తాగుతున్నాడు. టక్, టక్‌మని చప్పుడు వినిపిస్తే, "పెట్టె చల్లబడుతోంది, గోడలు ముడుచుకుంటున్నాయి," అని కాపలావాడికి చెప్పాడు. కాసేపటికి ఆ చప్పుడు ఆగిపోయింది.

నలభై ఆరు డిగ్రీల ఎండలో నసారియో చలికి చచ్చిపోయాడు.

నసారియో భార్య ఎల్విరా ప్రతి శనివారం రొసెందోకి గోధుమ రొట్టెలు గుడ్డలో చుట్టి పంపుతుంది. ఆ చప్పుడు గురించి ఒక్కసారీ అడగలేదు. ఆమె అడగదని తెలిసీ అతను ప్రతి శనివారం ఆ ప్రశ్న కోసం ఎదురుచూస్తాడు.

ఈసారి మెకానిక్ వేషంలో ఉన్న రొసెందో ఏదీ వదల్లేదు. మర్నాడు తెల్లవారకముందే యంత్రం వేసి ఖాళీ పెట్టెను చల్లబరిచాడు. ఈ యంత్రాలు ఉన్న చలిని కాపాడతాయే గాని వెచ్చటి సరుకును గడ్డకట్టించలేవు. అందుకే ప్రతి వరసలో ఒక అట్టపెట్టెకు థర్మామీటర్ గుచ్చి చూశాడు. కప్పు దగ్గర ఎర్ర గీత దాటకుండా, గాలి తిరగడానికి గోడల పక్కన సందు వదిలి సరుకు పేర్పించాడు. అతని పక్కనే నిలబడి కూలీలను అదిలించింది రేవు మేస్త్రీ మెల్చోర్. నోరు తెరిస్తే బూతులే గాని, మెల్చోర్ చేతి కింద ఒక్క పెట్టె కూడా ఎండలో నిలబడదు.

సీలు వేశాక మాత్రం మెల్చోర్ ఎక్కడా కనిపించలేదు.

దెల్ఫీనా క్యాబిన్ ఎక్కింది. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర గోళ్ళు. ఆ ఎండలో కూడా ఆమె దగ్గర మల్లెల సెంటు వాసన వస్తోంది. "మీ గురించి చాలా విన్నాను, రొసెందో గారూ," అంది.

"మంచివి నమ్మకు."

నలభై కిలోమీటర్లు వెళ్ళాక, లారీలు ఆగే ఒక హోటల్ దగ్గర చలి యంత్రం చూసుకోవడానికి బండి ఆపాడు. ముందు రాత్రి వాన పడింది. గాలి తడిగుడ్డలా ముఖానికి అంటుకుంటోంది. హోటల్ ముసలామె అతన్ని చూసి, అడగకుండానే చల్లటి నీళ్ళలో తువ్వాలు ముంచి అతని మెడ మీద వేసింది.

"కాసేపు నీడన కూర్చో, నాయనా. పొయ్యిలోంచి తీసినట్టున్నావు."

"వెళ్ళాలమ్మా. వెనక చలి ఉంది."

మీటరు మైనస్ ఇరవై ఒకటి చూపిస్తోంది. అతను వెనక్కి తిరిగాడో లేదో, పెట్టెలోంచి వినిపించింది.

టక్. టక్. టక్.

తెల్లవారకముందు నుంచీ చల్లగా ఉన్న పెట్టె ఇది. ముడుచుకోవలసిన గోడలు ఎప్పుడో ముడుచుకున్నాయి.

"లోపల ఎవరో ఉన్నారు," అంది దెల్ఫీనా మెల్లిగా. "మెల్చోర్ సీలు దగ్గర లేడు కదా. ఇందాకటినుంచి చేస్తున్నా, ఫోనూ ఎత్తడం లేదు."

అతను రేకుకు చెవి ఆనించాడు. చప్పుడు లోపలి కొసనుంచి వస్తోంది. అక్కడికి వెళ్ళాలంటే తలుపు దగ్గరి మందంతా ఎండలోకి దించాలి. తేమ గాలి లోపలికి దూరి, యంత్రం గొట్టాల మీద గడ్డకట్టి, చల్లగాలి దారి మూసేస్తుంది. పది నిమిషాల్లో మందు మందు కాకుండా పోతుంది.

"మనిషి ప్రాణం, రొసెందో గారూ," అంది ఆమె. "ఈసారి కూడా కాఫీ తాగుతూ నిలబడతారా?"

అతని చేయి గొళ్ళెం మీదికి వెళ్ళింది. సీలు తెంపడానికి కత్తెర కూడా తీశాడు. అప్పుడు అతనికి తట్టింది. ఆ రోజు తను చెయ్యని పని ఒకటుంది. తను తిరిగి కొట్టలేదు.

కత్తెర మొనతో ట్రైలర్ రేకు మీద గట్టిగా అయిదు దెబ్బలు వేశాడు. టా, టటా, టా, టా.

ఈ రోడ్ల మీద హారన్‌తో గాని చేత్తో గాని ఆ లయ వేస్తే ఎదుటివాడి అమ్మను బూతుమాటతో తలుచుకున్నట్టే. విన్నవాడు రెండు దెబ్బలతో తిప్పికొట్టకపోతే ఆ రోజు వాడికి తిండి సయించదు. మెల్చోర్ అయితే ప్రాణం పోతున్నా బదులివ్వకుండా ఉండడు.

పెట్టెలోంచి అదే చప్పుడు. టక్. టక్. టక్. తడబాటు లేదు, కోపం లేదు.

"ఏమిటా పాట?" అంది దెల్ఫీనా.

రొసెందో మెల్లిగా ఆమె వైపు తిరిగాడు. "నవొహోవాలో లారీ డ్రైవరు కూతురివి. ఇది తెలీదా తల్లీ?"

ఆమె చేతి సంచీలోంచి లిప్‌స్టిక్ గొట్టమంత పిస్తోలు బయటికొచ్చింది. "తెరువు," అంది. ఇప్పుడు ఆమె మాటలో గారూ లేదు.

సరిగ్గా అప్పుడే వెనక ఆగి ఉన్న ఆరు లారీలూ ఒక్కసారిగా మోగాయి. టా, టా. తలుపులు ధడేల్‌మన్నాయి.

"ఎవడ్రా వాడు మా అమ్మ జోలికొచ్చింది?" అంటూ బొజ్జాయన ఒకడు రెంచి పట్టుకుని దిగాడు.

దెల్ఫీనా చూపు ఒక్క క్షణం అటు వెళ్ళింది. ఆ క్షణం చాలింది. రొసెందో ఆమె మణికట్టు మెలిపెట్టాడు. పిస్తోలు దుమ్ములో పడింది.

"నేనే, అన్నా," అన్నాడు రొసెందో. "క్షమించు. తమరి తల్లిగారు ఈ రోజు చాలామంది పిల్లల్ని కాపాడారు."

ఆయనకు ఏమీ అర్థం కాలేదు. అయినా సరుకు కట్టే తాడు ఇచ్చాడు.

మిగిలిన తొంభై కిలోమీటర్లు చేతులు కట్టేసిన దెల్ఫీనా పక్కసీట్లో కూర్చుంది. వెనక చప్పుడు ఆగలేదు. రొసెందో తన తువ్వాలు మళ్ళీ తడిపి ఆమె మెడ మీద వేశాడు. ఆమె దాన్ని విదిలించలేదు.

"ఒకవేళ నిజంగా మనిషే అయితే?" అంది కాసేపటికి. "బదులు కొట్టలేనంతగా గడ్డకట్టిపోయి ఉంటే?"

రోడ్డు ఎండకు నీళ్ళలా మెరుస్తోంది. ఆ మెరుపులో నసారియో పదిసార్లు చెయ్యెత్తి బండి ఆపమన్నాడు. పదిసార్లూ రొసెందో అతన్ని దాటి బండి పోనిచ్చాడు.

ఎర్మొసీయో గోదాములో ట్రైలర్ వెనుక భాగాన్ని చలిగది తలుపుకు ఆనించాకే సీలు తెంచారు. టీకా మందు మైనస్ ఇరవైలో భద్రంగా ఉంది. కూలీలు రొయ్యలు దించుతుంటే రొసెందో ప్రతి వరస వెనకా మనిషి చెయ్యి కనబడుతుందేమోనని చూశాడు. చివరి వరసలో ఒక అట్టపెట్టెలో సిగరెట్ పెట్టెంత యంత్రం కనిపించింది. దానికి చిన్న సుత్తి ఉంది.

"ఆపేయనా సార్?" అన్నాడు టెక్నీషియన్.

"నేను బయటికి వెళ్ళాక ఆపు," అన్నాడు రొసెందో. "అది ఆగడం నేను వినలేను."

బయట ఎండలోకి వచ్చి గోడకు చేరగిలబడ్డాడు. ఫోను మోగింది.

"మెల్చోర్ దొరికాడు," అన్నాడు కల్నల్. "దొంగ కబురు పెట్టి వేరే రేవుకి పిలిపించి గదిలో పెట్టి తాళం వేశారు. బాగానే ఉన్నాడు, అందర్నీ తిడుతున్నాడు." కాగితాల గలగల వినిపించింది. "మంత్రిగారికి రిపోర్టు పంపాలి. ఆ అయిదు దెబ్బల్ని ఏమని రాయమంటావయ్యా?"

రొసెందో కళ్ళు తుడుచుకున్నాడు. "మాతృభాష అని రాయండి సార్."