ఆమెన్ అనేలోగా

"ఎర్రగా ఉంది," అన్నాడు జకర్యా, మైక్రోస్కోప్ మీంచి తలెత్తి.

"ఉండకూడదు," అంది డాక్టర్ కుసుమకుమారి.

యాప్రాల్ ఊరు దాటాక, పైకి కోళ్ళదాణా గోడౌన్‌లా కనిపించే సీక్రెట్ లాబొరేటరీ అది. గాజు పళ్ళెంలో పెంచుతున్నది కొవ్వు కణాలను. కణంలో కొవ్వు బొట్లు చేరితే, వేసిన రంగు పట్టి ఎర్రబడుతుంది. నల్లేరు కాడల్లోంచి తీసిన మందు పడితే కొవ్వు చేరదు, పళ్ళెం తెల్లగా ఉండిపోతుంది. ఆ మందు మొత్తానికి ఒక్క గాజు ఆంప్యూల్ తయారైంది. కిందటి వారం దాన్ని సికింద్రాబాద్ నుంచి ఇక్కడికి తెచ్చినవాడు జకర్యా.

"మీరు తెచ్చింది ఉత్త నీళ్ళు," అందామె. "దారిలో ఎవరో మార్చేశారు."

సీక్రెట్ సర్వీస్ చీఫ్ రామభద్రరావు సిగరెట్ నలిపేశాడు.

"ఫారిన్ ముఠా పని. టెస్ట్ మన దగ్గర ఫెయిల్ కావాలి, వాళ్ళ దగ్గర పాస్ కావాలి. వాళ్ళ మనిషి ఇవాళ సాయంత్రం బేగంపేటలో ఫ్లైట్ ఎక్కుతున్నాడు. అంటే సరుకు ఇంకా ఊళ్ళోనే ఉంది. జకర్యా, నీ కళ్ళు ఎక్కడ తప్పాయి?"

ఎక్కడో జకర్యాకు తెలుసు.

ఆ రోజు అతను కుట్టుమిషన్ మెకానిక్ వేషంలో ఉన్నాడు. ఆంప్యూల్ నూనె డబ్బా దొంగ అడుగులో ఉంది. కార్ఖానా పేటలో, డిపార్ట్‌మెంట్ మనిషి మేబెల్ ఇంట్లో బండి మారాలి. సిల్కు చీర, కొప్పు నిండా మల్లెలు, అయిదు భాషలు. తలుపు తీసి, "మిషన్ ఎలా నడుస్తోంది?" అంది. "నల్లేరు మీద బండిలా," అన్నాడతను. కోడ్ సరిపోయింది. భోజనానికి కూర్చోబెట్టింది. వంటమనిషి ఎల్లమ్మ వడ్డించింది. మేబెల్ ప్రార్థన మొదలుపెట్టింది. అతను కళ్ళు మూసుకున్నాడు.

ట్రైనింగ్‌లో తుమ్ము వచ్చినా కళ్ళు మూయొద్దని నేర్పారు. కానీ అన్నం ముందు కళ్ళు మూయడం అతను అంతకంటే ముందే, అమ్మ ఒళ్ళో నేర్చుకున్నాడు.

ఇన్నేళ్ళ సర్వీసు తర్వాత ఆ మాట ఎలా చెప్పడం? చెవులు కాలిపోయాయి.

"అన్నంలో ఏదో కలిపారు, సార్," అన్నాడు. "మత్తు వచ్చింది."

"మేబెల్ ఇంట్లోనా? వండింది ఎవరు?"

"ఎల్లమ్మ అని..."

చీఫ్ అప్పటికే ఫోన్ ఎత్తాడు. జకర్యా నోరు తెరిచాడు. మూశాడు. అంతసేపూ గొంతు ఆపకుండా దేవుణ్ణి తలుచుకున్న మనిషి దొంగతనం చేస్తుందా? చేస్తే ఎల్లమ్మే చేసి ఉండాలి. అలా అనుకుంటే కాస్త ఊపిరాడింది.

గంటలో ఎల్లమ్మను తెచ్చి తిరుమలగిరి స్టేషన్‌లో కూర్చోబెట్టారు. విచారించమని అతన్నే పంపారు. ఆమె చేతికి ఇంకా పసుపు అంటుకునే ఉంది.

"ఏందీ సారూ, నా కూరల మందు కలిపిన్నంటివట? మరి రెండుసార్లు ఏసుకొని తింటివి గదా!"

జకర్యా కాగితం తీసి తేదీ వేశాడు.

"గింత మత్తొచ్చినోడివి మజ్జిగ సుత అడిగి తాగినవ్. నీ కండ్లు మూతవడ్డది తిన్నంక గాదు, తినకముందుగాల. మీ దేవునితోటి ముచ్చట వెట్టుకున్నరు, మద్దెల నేనెందుకని గోడ దిక్కు తిరిగి నిలవడ్డ. గది నా తప్పా?"

మర్యాద కోసం ఆమె చూపు తిప్పుకుంది. చూసినవాళ్ళు ఎవరూ లేరు. అదే మేబెల్‌కు కావలసింది.

"నీ తప్పు కాదు," అన్నాడు. ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. నిజం చీఫ్‌కు ఫోన్ చేసి చెప్పే ధైర్యం కూడా చాల్లేదు. దొంగను పట్టుకున్నాక చెబుదామని, మేబెల్ ఇంటి సందుకు జీపు తెమ్మని మాత్రం కబురు పెట్టాడు. అందుకూ సిగ్గేసింది.

మధ్యాహ్నం మళ్ళీ మేబెల్ తలుపు తట్టాడు. అదే వేషం, అదే నూనె డబ్బా.

"ఇంకో ఆంప్యూల్ దొరికింది," అన్నాడు. ఉన్నది నీళ్ళే. ఎర.

"పాపం, ఎల్లమ్మ ఇలాంటిదని అనుకోలేదండీ," అంది మేబెల్. "నేనే వండాను. కూర్చోండి."

అన్నం బేసిన్ పొగలు కక్కుతోంది. గేటు బయట నల్ల అంబాసిడర్ ఒకటి, ఇంజన్ ఆపకుండా.

"పరలోకమందున్న తండ్రీ," అని మొదలుపెట్టింది మేబెల్.

జకర్యా తల వంచాడు. రెప్పలు వాలుతున్నాయి, అలవాటు అది. బలవంతాన తెరిచి ఉంచాడు. ఎదురుగా స్టీలు చెంబు అద్దంలా మెరుస్తోంది. ఆమె గొంతు ఎక్కడా తడబడలేదు. ఆకలిగొన్నవారిని తలచింది, ఎల్లమ్మ మనసు మార్చమంది. చెంబులో మాత్రం ఒక చెయ్యి బల్ల కిందికి, నూనె డబ్బా వైపు పాకుతోంది.

మణికట్టు పట్టుకున్నాడు.

ప్రార్థన ఆగింది.

"కళ్ళు తెరుచుకుని ప్రార్థనా, జకర్యా గారూ?" అంది మేబెల్ నవ్వుతూ. "సిగ్గు లేదూ?"

"ఉంది. పొద్దుటి నుంచీ అదే ఉంది."

ఆమె రెండో చేతిలో లిప్‌స్టిక్. దాని కొసన సన్నని తూటా రంధ్రం. జకర్యా పప్పుచారు గిన్నె విసిరాడు. తూటా పైకప్పులో దిగింది. చారు కారుతుండగానే ఆమె కొప్పులోంచి అసలు ఆంప్యూల్ లాగింది.

"మాకు లేనిది మీకూ వద్దు!"

గచ్చు మీదికి విసిరింది. తుపాకీ తీసే వ్యవధి లేదు. చేతికందింది అన్నం బేసిన్. దాన్ని పట్టుకుని నేల మీద దొర్లాడు జకర్యా. గాజు అన్నంలో మెత్తగా దిగబడింది. పగల్లేదు.

బయట అంబాసిడర్ కదలబోయింది. సందు మొగలో చీఫ్ జీపు అడ్డం నిలబడి ఉంది.

"ముందు ఎల్లమ్మను వదలండి, సార్," అన్నాడు జకర్యా. ఒంటి నిండా మెతుకులు. "అన్నంలో ఏమీ లేదు. నేనే కళ్ళు మూసుకున్నాను. ప్రార్థనకి."

చీఫ్ జీపు వైర్‌లెస్‌లో స్టేషన్‌కు ఆ మాట చెప్పి వచ్చాడు.

"నమ్మిన మనిషి ఎదుట కళ్ళు మూసుకోవడం పొరపాటు. క్షమిస్తాను. ఆ వంటమనిషి పేరు చెప్పడం పొరపాటు కాదు."

"కాదు, సార్."

వారం తిరిగాక పళ్ళెం తెల్లగా ఉండిపోయింది. కుసుమకుమారి అందరికీ చూపించింది. చీఫ్ సెల్యూట్ కొట్టాడు. జకర్యా ఎక్కువసేపు నిలబడలేదు.

లాబొరేటరీ క్యాంటీన్‌లో ఇప్పుడు ఎల్లమ్మ వండుతోంది. గుడ్ల పులుసు.

"తప్పయింది, ఎల్లమ్మా. నువ్వు చెయ్యలేదని తెలిసే..."

"ఎరుకే. అన్నం సల్లారుతది, కూసో."

కూర్చున్నాడు. చేతులు జోడించాడు. కళ్ళు మూతపడలేదు. చెంబులో తన మొహమే కనిపిస్తోంది.

"ఏందీ, గిప్పుడు నీ దేవుడు సుత మందు కలిపిండా?" అంది ఎల్లమ్మ. "మూసుకో సారూ. ఈసారి గోడ దిక్కు తిరగ. నేను జూస్త."

మూసుకున్నాడు. ప్రార్థన సాగలేదు. ఒక్క మాటే, క్షమించమని. అదైనా ఎవరితో అంటున్నాడో తేల్చుకోలేకపోయాడు.

కళ్ళు తెరిచేసరికి మళ్ళీ మార్పు జరిగింది, ఈసారి కంచంలో. ఒక గుడ్డు ఎక్కువుంది.