మట్టికి దాచిన శాలువా

క్షమాపణల ఆదివారం పొద్దున లీదా వెన్న అట్లు పోస్తోంది. రేపటి నుంచి మహోపవాసం, వెన్నా పాలూ మళ్ళీ ఈస్టరుకే. చలికొండల మధ్య ఊరు కారకోల్‌లో ఆ పూట చర్చివాళ్ళ ప్రతి ఇంటా ఇదే వాసన. అత్త అగ్రిప్పీనా మాత్రం లోపలి గదిలో పెట్టె తెరిచి కూర్చుంది. ఏటా ఈ రోజున తన చావుమూట విప్పి, చిమ్మెట పట్టిందేమో చూసుకోవడం ఆవిడకి అలవాటు. కొత్త గౌను, మెత్తటి చెప్పులు, మేక ఉన్నితో తానే అల్లుకున్న తెల్లశాలువా. పోయిన రోజున ఇంట్లోవాళ్ళు వెతుక్కోకుండా ఆ వయసు ఆడవాళ్ళంతా కట్టిపెట్టుకునేదే.

మూట విప్పితే లీదా పాత గౌన్లు బయటపడ్డాయి.

చర్చిలో బీదవాళ్ళకి పంచడానికని మొన్న లీదా పాతబట్టలు మూటకట్టింది. పెట్టె సర్దుతూ రెండు మూటలూ తారుమారు చేసి, అసలుదాన్ని పంపేసింది.

"నన్ను ఏ గుడ్డ కట్టి సాగనంపుతావే?" అంది అగ్రిప్పీనా.

లీదా ముందు బతిమాలింది. అత్త సాధింపు ఆపకపోయేసరికి తనకీ ఒళ్ళు మండింది.

"చలికి దగ్గుతూ పొయ్యి పక్కన ముడుచుకుంటారు. ఆ శాలువా కప్పుకోండంటే, మట్టిలోకి వెళ్ళేటప్పటికి దాచానంటారు. మట్టికి చలేస్తుందా అత్తయ్యా?"

అన్నాక నాలిక కరుచుకుంది. ఆనాటి ఆచారం ప్రకారం నేలకి వంగి క్షమించమంది. దానికి జవాబు ఊరంతటికీ ఒక్కటే: దేవుడు క్షమిస్తాడు, నేనూ క్షమిస్తున్నాను. అగ్రిప్పీనా మొదటి సగం చెప్పి నోరు మూసుకుంది.

సాయంత్రం చర్చి మెట్ల మీద ఒక బీదపిల్ల చంటిబిడ్డతో కూర్చుని ఉంది. బిడ్డ చుట్టూ తెల్లశాలువా. అంచున తాను అల్లిక తప్పిన చోటు అగ్రిప్పీనాకి దూరం నుంచే తెలిసిపోయింది. ఆవిడ చెయ్యి చాచగానే ఆ పిల్ల బెదిరిపోయి, తనకి ఇక్కడే ఇచ్చారంది.

"లాక్కోవడానికి కాదులే తల్లీ. బిడ్డ మెడ దగ్గర గాలి దూరుతోంది" అని అంచు లోపలికి దోపింది. ఆ వెచ్చటి మెడ వేళ్ళకి తగిలితే ఆవిడకి ఏడుపొచ్చింది. బతికేది నాలుగు రోజులు. ఆ నాలుగూ తాను చలిలో గడిపి, చావుకి వెచ్చగా ఏర్పాటు చేసుకుంది. రేపు ప్రభువు ముందు నిలబడితే, ఏం కప్పుకొచ్చావని అడుగుతాడా, ఎవరికి కప్పావని అడుగుతాడా?

లోపల అందరూ ఒకరికొకరు వంగి క్షమాపణలు చెప్పుకుంటున్నారు. అగ్రిప్పీనా కోడలిని వెతుక్కుంటూ వెళ్ళి, నొప్పి మోకాళ్ళతోనే వంగబోయింది. లీదా పట్టుకుని ఆపింది.

"పొద్దుట సగం మాటే చెప్పాను. నేనూ క్షమించాను లీదా. నువ్వూ నన్ను క్షమించు."

లీదా ఏడ్చేసింది. అత్తని పట్టుకుని అలాగే నిలబడింది. బయటికొచ్చాక మెల్లిగా అడిగింది, మరి ఆ రోజుకి మీకేం కట్టమంటారని.

"అప్పుడు నీ చేతికి ఏది దొరికితే అది. ముందు నీ మెడగుడ్డ ఇటివ్వు, చలేస్తోంది."